బోర్డు పేరు, రికార్డు పేరు: జీఎస్టీ 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' సేవ ఎలా ఉంది?

బిల్లు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటే ఆ వ్యాపారం పేరు, చిరునామా, ప్రస్తుత స్థితి ఒక నిమిషంలో తెలుస్తాయి. జీఎస్టీ పోర్టల్ తెరిచి 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్' దగ్గర నంబరు కొట్టి, కాప్చా అంకెలు నింపితే చాలు. లాగిన్ అక్కర్లేదు, రుసుము లేదు. టోకున సరుకు కొనే వాళ్లందరికీ పనికొచ్చే సేవ ఇది. చిక్కల్లా తెర మీద వచ్చే మాటలతోనే. నేమ్, ప్లేస్, డేట్, ఏజెన్సీ అన్నీ రోజూ వినే మాటలే కానీ ఇక్కడ వాటి అర్థం వేరు. అది తెలియక సరైన కొట్టును అనుమానించేవాళ్లున్నారు, తేడా కొట్టును నమ్మేవాళ్లూ ఉన్నారు.

ముందు పేరు సంగతి. ఫలితంలో రెండు పేర్లు వస్తాయి. 'ట్రేడ్ నేమ్' అంటే బోర్డు మీద రాసుకునే పేరు. 'లీగల్ నేమ్' అంటే పాన్ కార్డు మీదున్న పేరు. సొంత వ్యాపారమైతే లీగల్ నేమ్ దగ్గర ఒక మనిషి పేరే కనిపిస్తుంది. బోర్డు మీద 'శ్రీ లక్ష్మీ ట్రేడర్స్' అని ఉండి ఇక్కడ ఎవరో వ్యక్తి పేరు రావడం మోసమేమీ కాదు, అలాగే రావాలి. బాకీ వసూలుకు నోటీసు పంపాలన్నా, ఒప్పందం రాసుకోవాలన్నా ఈ లీగల్ నేమ్ తప్పకుండా ఉండాలి. ఒక్క ట్రేడ్ నేమ్ మీద రాసిన కాగితం తర్వాత తలనొప్పి తెస్తుంది.

'అండ్ సన్స్', 'బ్రదర్స్', 'అండ్ కో' అనే తోకలు చూసి భాగస్వామ్య సంస్థ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ తోకలకు చట్టం ఏ అర్థమూ కట్టలేదు. ఒక్కడే యజమాని అయినా పేరు చివర 'బ్రదర్స్' పెట్టుకోవచ్చు. అసలు సంగతి 'కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ బిజినెస్' అనే గడిలో ఉంటుంది. పోర్టల్ తెరవకుండా కూడా నంబరులోనే పట్టుకోవచ్చు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి పది అక్షరాలు పాన్‌వి. పాన్‌లో నాలుగో అక్షరం, అంటే జీఎస్టీ నంబరులో ఆరోది, ఆ వ్యాపారం ఏ తరహాదో చెబుతుంది. 'పి' అయితే వ్యక్తి, 'ఎఫ్' అయితే భాగస్వామ్య సంస్థ లేదా ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం), 'సి' అయితే కంపెనీ, 'హెచ్' అయితే హిందూ ఉమ్మడి కుటుంబం. బోర్డు మీద 'ప్రైవేట్ లిమిటెడ్' అని ఉండి ఆరో అక్షరం 'పి' వస్తే అక్కడ ఆగి అడగాలి. కంపెనీగా నమోదు కాకుండా 'లిమిటెడ్', 'ప్రైవేట్ లిమిటెడ్' అని పెట్టుకుంటే 2013 కంపెనీల చట్టం ప్రకారం రోజుల లెక్కన జరిమానా పడుతుంది. 'అండ్ సన్స్' అలంకారమే కానీ 'లిమిటెడ్' అలంకారం కాదు.

ఏడో అక్షరం కూడా పాన్‌దే. వ్యక్తి అయితే ఇంటిపేరు మొదటి అక్షరం, సంస్థ అయితే సంస్థ పేరులో మొదటి అక్షరం. తెలుగువాళ్ల విషయంలో ఇక్కడ కొంచెం జాగ్రత్త. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక రాసుకునే అలవాటు వల్ల పాన్ దరఖాస్తులో 'లాస్ట్ నేమ్' గడిలో కొందరు అసలు పేరే నింపారు. కాబట్టి ఆ అక్షరం ఇంటిపేరుతో కలవకపోయినంత మాత్రాన నంబరు తప్పనుకోకూడదు.

'మెసర్స్' అనేది పేరులో భాగం కాదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన గౌరవవాచకం, మన 'శ్రీయుతులు' లాంటిది. చెక్కు మీద అది రాయకపోయినా నష్టం లేదు. 'ట్రేడర్స్', 'ఎంటర్‌ప్రైజెస్' అనే మాటలు వ్యాపారం గురించి ఏమీ చెప్పవు. 'ఏజెన్సీస్' అంటే మాత్రం ఫలానా కంపెనీకి అధికారిక ఏజెంటు అనే భ్రమ కలుగుతుంది. సొంతంగా సరుకు కొని అమ్మేవాళ్లు కూడా ఆ పేరు పెట్టుకుంటారు కనుక డీలర్‌షిప్ ఉందా లేదా అన్నది కంపెనీనే అడగాలి.

తేదీ దగ్గర కూడా చాలామంది తడబడతారు. బోర్డు మీద 'స్థాపితం 1985' అని ఉంటుంది, పోర్టల్‌లో నమోదు తేదీ 01/07/2017 అని వస్తుంది. రెండూ నిజమే కావచ్చు. దేశంలో జీఎస్టీ మొదలైంది 2017 జూలై 1న. అప్పటికే వ్యాట్ (అంతకుముందు ఉన్న అమ్మకపు పన్ను) కడుతూ జీఎస్టీలోకి మారిన పాత వ్యాపారులకు మామూలుగా అదే తేదీ పడింది. నిజానికి ఆ తేదీ కనిపిస్తే పాత వ్యాపారం అయ్యే అవకాశమే ఎక్కువ. బోర్డు మీది సంవత్సరాన్ని మాత్రం ఎవరూ సరిచూడరు.

స్థితి గడిని అన్నిటికంటే ముందు చూడాలి. 'యాక్టివ్' ఉంటే సరే. 'సస్పెండెడ్' అంటే తాత్కాలికంగా నిలిపివేశారు. 'క్యాన్సిల్డ్' పక్కన 'సువో మోటో' అని ఉంటే వ్యాపారి అడిగి మూయించుకున్నది కాదు, అధికారి తనంతట తాను రద్దు చేసినది. రద్దయిన తేదీ తర్వాత రాసిన బిల్లులో పన్ను వసూలు చేసి ఉంటే ఆ పన్నుకు కొనుగోలుదారు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేడు, అంటే కొన్నప్పుడు కట్టిన ఆ పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేడు. 'కంపోజిషన్' (టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకం) అని ఉన్న వ్యాపారి అసలు పన్ను విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బోర్డు మీదా బిల్లు మీదా రాయాలి కూడా. ఆయన బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) వరుసలు కనిపిస్తే ఆ సొమ్ము కట్టనక్కర్లేదు.

ఇక చిరునామా. ఈ సేవ బాగా వెనకబడింది ఇక్కడే. అంతస్తు, డోర్ నంబరు, వీధి, పేట, ఊరు, జిల్లా, పిన్ అన్నీ కామాలతో ఒకే వరుసలో, ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి. 'పేట'ను ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా రాస్తారు. 'వీధి'ని కొందరు 'స్ట్రీట్' చేసేస్తారు. కాబట్టి బిల్లుతో పోల్చేటప్పుడు స్పెల్లింగు వదిలేసి అంకెలు చూడటం మేలు. హైదరాబాదు డోర్ నంబరులో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఏటవాలు గీత తర్వాత వచ్చే 'బై' నంబరు ఆ స్థలంలో విడగొట్టిన భాగం. '5-9-22 బై 1', '5-9-22 బై 11' పక్కపక్కనే ఉంటాయన్న పూచీ లేదు.

మాటలు ప్రాంతాన్ని బట్టి మారిపోతాయి కనుక ఫోనులో దారి అడిగేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. తెలంగాణలో 'చౌరస్తా', కోస్తాలో 'సెంటరు', విశాఖ వైపు 'జంక్షన్', రాయలసీమలో 'సర్కిల్' అన్నీ ఒకటే, నాలుగు దారుల కూడలి. 'అంగడి' అంటే సీమలో కొట్టు, తెలంగాణలో వారం వారం జరిగే సంత. 'బజారు' అంటే గుంటూరు, కృష్ణా వైపు మామూలు వీధి కూడా. 'గంజ్' అని పేరుంటే ధాన్యం మార్కెట్ ఉన్న చోటో, ఒకప్పుడు ఉండిన చోటో అయి ఉంటుంది. 'పాత బస్టాండ్ ఎదురుగా' అని రాసి ఉంటే అక్కడ ఇప్పుడు బస్సు ఆగుతుందని హామీ లేదు. ఇలాంటి గుర్తులు ఊరివాళ్లకు వేదవాక్కులు, లారీ డ్రైవరుకు మాత్రం చిక్కుముళ్లు.

పిన్ కోడ్, రాష్ట్రం కోడ్ రెండూ కలిపి చూస్తే చాలా తప్పులు బయటపడతాయి. జీఎస్టీ నంబరు 36తో మొదలైతే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. పిన్‌లో మొదటి మూడంకెలు 500 అయితే హైదరాబాదు, 506 వరంగల్, 517 తిరుపతి, 520 విజయవాడ, 522 గుంటూరు, 530 విశాఖ. 36 నంబరు కింద గుంటూరు పిన్ ఉన్న చిరునామా రాసి ఉంటే, అది ఇంకో శాఖదో, అచ్చు తప్పో, లేక నంబరే వేరొకరిదో. పాన్ తెలిస్తే 'సెర్చ్ బై పాన్'లో ఆ పాన్ మీద ఏ రాష్ట్రాల్లో ఎన్ని నంబర్లున్నాయో చూడొచ్చు. నంబరు కొట్టేటప్పుడు సున్నాకీ 'ఓ' అక్షరానికీ తేడా గమనించాలి. మూడు నుంచి ఏడు వరకూ అక్షరాలే, ఎనిమిది నుంచి పదకొండు వరకూ అంకెలే, పన్నెండోది మళ్లీ అక్షరం. పద్నాలుగోది మామూలుగా 'జెడ్'.

ఈ సేవలో పెద్ద లోటు ఇంకొకటి. ఈ వెతుకులాటకు కొట్టు పేరు ఇస్తే సరిపోదు, నంబరు కావాలి. నంబరును ప్రవేశద్వారం దగ్గరి బోర్డు మీద రాయాలని, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను కొట్లో కనిపించేలా పెట్టాలని జీఎస్టీ నిబంధన ఉంది కనుక అడగడానికి మొహమాటం అక్కర్లేదు. టర్నోవరు పరిమితి దాటని చిన్న కొట్లకు నంబరే ఉండదు, అది వాళ్ల తప్పు కాదు.

చివరగా గోడౌన్. ఈ ఇంగ్లీషు మాటకు మూలం మన 'గిడ్డంగి' అయి ఉండొచ్చని నిఘంటువులు చెబుతాయి. 'ప్రిన్సిపల్ ప్లేస్ ఆఫ్ బిజినెస్' అంటే ప్రధాన స్థలం మాత్రమే. సరుకు గోడౌన్ నుంచి వస్తే లారీ కాగితం మీది చిరునామా దీంతో కలవదు. అప్పుడు వ్యాపారిని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మొత్తం అడగాలి. అందులో అనెక్సర్ ఎ పేజీలో మిగతా స్థలాలన్నీ ఉంటాయి, అనెక్సర్ బి పేజీలో యజమాని లేదా భాగస్వాముల వివరాలు ఉంటాయి. మొదటి పేజీ ఒక్కటే ఫొటో తీసి పంపితే మిగతా రెండూ కూడా పంపమనాలి.