హంపితో ఆపేయకండి, బిజాపూర్ దాకా వెళ్లండి

హంపిలో గైడ్‌కి 1,800 రూపాయలిచ్చాం. రెండు వేలు అడిగితే మా వారు బేరమాడి తగ్గించారు. డబ్బు పోతే పోయింది, నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆయన చెప్పిన కథకి. విఠలాలయం దగ్గర మొదలుపెట్టి ఎక్కడ విరిగిన రాయి కనిపించినా ఒకటే మాట: "ముస్లింలు వచ్చారు, ఆరు నెలలు పగలగొట్టారు, అంతా పోయింది." వచ్చింది ఎవరు, ఎందుకొచ్చారు, అప్పటిదాకా ఏం జరిగింది, ఏమీ లేదు. ఇంటర్ చదివే మా వాడు ఊరుకోలేక "మరి విరూపాక్షాలయాన్ని ఎందుకు పగలగొట్టలేదండీ?" అని అడిగాడు. "అది స్వామి మహిమ బాబూ" అనేసి గబగబా ముందుకెళ్లిపోయాడు. నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే కదా! విఠలాలయం అంతలా దెబ్బతిని, విరూపాక్షుడి గుడిలో ఈరోజుకీ పూజలు జరుగుతున్నాయంటే, కనిపించిన గుడినల్లా కూల్చుకుంటూ పోయారన్న కథ ఎక్కడో అతకట్లేదని పదిహేడేళ్ల పిల్లాడికే తెలిసింది.

ప్రయాణం సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. హైదరాబాద్ నుంచి రాత్రి బండికి హోస్పేట, అక్కడి నుంచి హంపి పదమూడు కిలోమీటర్లు, రోజంతా ఆటోకి 1,200. పురావస్తు శాఖ టికెట్ మనిషికి 40 రూపాయలు, అదే టికెట్ మీద అదే రోజు విఠలాలయం, కమలమహల్ ఆవరణ, కమలాపురం మ్యూజియం మూడూ చూడొచ్చు కాబట్టి పారేసుకోకండి. ఎండ విపరీతం. మామయ్యగారికి డెబ్బై రెండేళ్లు, రిటైరైన తెలుగు మాస్టారు, ఆయన గొడుగు పట్టుకుని ఎక్కడా ఆగకుండా నడిచారు, మా వారు మాత్రం పదకొండింటికే నీడ వెతుక్కోవడం మొదలుపెట్టారు.

కమలమహల్ ముందు నిలబడి ఆ కమానులు చూడండి. పక్కనే ఏనుగుల శాల, వరసగా పదకొండు గదులు, పైన గుమ్మటాలు. ఇవి సుల్తానుల ఊళ్లలో కనిపించే కట్టుబడి పద్ధతులు, విజయనగర రాజులు తమ కోటలో ఇష్టపడి కట్టించుకున్నవి. మామయ్యగారు అక్కడే అన్నారు, "అమ్మాయ్, శ్రీనాథుడు రెండో దేవరాయల కొలువుకు వెళ్లినప్పుడు నెత్తిన కుళ్లాయి పెట్టుకున్నానని చెప్పుకున్నాడు, గుర్తుందా?" అని. ఆ పొడుగు టోపీ పారశీకుల నుంచి వచ్చిన వేషం, విజయనగర దర్బారులో పెద్దమనిషి అనిపించుకోవాలంటే అది ఉండాల్సిందే. గైడ్ దానికి కూడా ఏమీ అనలేదు, టైం చూసుకుంటున్నాడు.

అహ్మద్ ఖాన్ మసీదు చూపించమని అడిగితే "అక్కడేం లేదు మేడం, టైం వేస్ట్" అన్నాడు. మర్నాడు ఆటో డ్రైవర్‌ని అడిగి మేమే వెళ్లాం. కమలాపురం నుంచి తళారిఘట్టు వైపు వెళ్లే దారిలో ఉంటుంది, టికెట్ లేదు, జనం లేరు. గుమ్మటమూ లేదు, మినారూ లేదు. గుళ్లో మండపం ఎలా ఉంటుందో అలాగే ఉంది, నలుచదరంగా మొదలై మధ్యలో ఎనిమిది పలకలుగా మారే అవే రాతి స్తంభాలు, ఒక గోడలో మాత్రం ప్రార్థన చేసే దిక్కుకి కమాను ఆకారంలో తొలిచిన గూడు. పక్కనే గుమ్మటంతో సమాధి. 1439 నాటి శాసనం ప్రకారం దీన్ని రెండో దేవరాయల కొలువులో ఉన్న అహ్మద్ ఖాన్ తన రాజుకి పుణ్యం కలగాలని కట్టించాడు, శాసనంలో దీన్ని ధర్మశాల అనే అన్నారు. ఆ దేవరాయలే ముస్లిం విలుకాళ్లని పెద్ద ఎత్తున సైన్యంలో చేర్చుకుని, వాళ్లు తనకి నమస్కరించడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని పారశీక భాషలో దక్కన్ చరిత్ర రాసిన ఫెరిష్తా అన్నాడు. హంపిలో నన్ను బాగా కదిలించిన చోటు ఇదే. ఇలాంటిదాన్ని "ఏం లేదు" అని చెప్పి తప్పించడం నాకు మోసంలాగే అనిపించింది.

ఇక హోస్పేటలో దిగిన లాడ్జి. పేరు రాయను కానీ అక్కడ జరిగింది రాస్తాను, ఎందుకంటే చాలామందికి ఇదే జరుగుతున్నట్టుంది. ఆన్‌లైన్‌లో గది 1,900, టిఫిన్‌తో కలిపి. రెండు గదులు తీసుకున్నాం, డబ్బు ముందే కట్టేశాం. కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి "వీకెండ్ సార్, గదికి ఇంకో ఐదొందలు అవుతుంది, టిఫిన్ ఆ రేటులో రాదు" అన్నాడు. ఫోన్‌లో బుకింగ్ చూపిస్తే "అది కంపెనీవాళ్లతో మాట్లాడుకోండి" అన్నాడు. రాత్రంతా రైల్లో వచ్చి, మామయ్యగారు సోఫాలో కూర్చుని ఉంటే ఎంతసేపని గొడవపడతాం? వెయ్యి కట్టాం. గదిలో ఏసీ ఆన్ అవుతుంది, చల్లగాలి రాదు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే, ఆ సంగతి ఏడున్నరకి చెప్పారు. దుప్పటి మార్చమంటే మడత తిప్పి మళ్లీ అదే వేశారు, మూలన ఉన్న టీ మరక అటువైపు నుంచి ఇటువైపుకి వచ్చింది, నా కళ్లతో నేనే చూశాను. మా వారు ఆ కోపంలో రెండో రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మీరు వెళ్తే డబ్బు ముందే కట్టకండి, గది చూశాకే కట్టే పద్ధతి ఉన్నచోట దిగండి, కమలాపురంలో ఇళ్లలో అద్దెకిచ్చే గదులున్నాయి, అవే నయం.

బిజాపూర్ (ఇప్పుడు విజయపుర అంటున్నారు) వద్దని అందరూ చెప్పారు. "ఒక గుమ్మటం తప్ప ఏముంది" అని మా తోడికోడలు, "ఆ ఎండలో అంతదూరమా" అని మా వారు. మామయ్యగారు ఒక్కరే పట్టుబట్టారు, విజయనగరం, బిజాపూర్, యుద్ధం చేసిన ఇద్దర్నీ చూడకుండా ఒక్కరి ఊరు చూసొస్తే ఏం తెలుస్తుందని. హోస్పేట నుంచి ఆర్డినరీ బస్సులో దాదాపు ఐదు గంటలు, దారిలో కృష్ణ దాటతాం. ఆ నదికీ తుంగభద్రకీ మధ్య ఉన్న నల్లరేగడి భూమి, రాయచూరు, ముద్గల్లు కోటలు, వీటి కోసమే విజయనగరం, దక్కన్‌ని ఏలిన బహమనీ సుల్తానులు, వాళ్ల రాజ్యం ముక్కలయ్యాక వచ్చిన బిజాపూర్ లాంటి సుల్తానులు రెండు వందల ఏళ్లు కొట్టుకున్నారు. ఎవరి దేవుడు గొప్ప అన్నదానికంటే ఈ పొలాలు ఎవరివి, గోవా రేవులో దిగే గుర్రాలు ఎవరికి, అన్నదే ఎక్కువ. 1520లో రాయచూరు దగ్గర బిజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించిన కృష్ణదేవరాయలే బహమనీ రాకుమారుణ్ని గుల్బర్గా గద్దె మీద కూర్చోబెట్టి, యవనరాజ్యస్థాపనాచార్యుడని, అంటే ముస్లిం రాజ్యాన్ని నిలబెట్టినవాడని, బిరుదు పెట్టుకున్నాడు.

బస్సు దిగేసరికి మూడు దాటింది, అందరికీ ఆకలి. స్టాండ్ దగ్గర్లో ఒక ఖానావళి, అంటే భోజన హోటల్, కనిపిస్తే దూరాం. బల్లలు పాతవి, బోర్డు మీద కన్నడం తప్ప ఇంకో భాష లేదు, మా వాడు మొహం చిట్లించాడు. ఒక పెద్దావిడ మా కళ్లముందే జొన్నరొట్టె చేత్తో తట్టి పెనం మీద వేసి, నీళ్లు తడిపిన గుడ్డతో పైన తుడిచి, తిరగేసి నిప్పుల మీద పొంగించి నేరుగా కంచంలో వేసింది. పక్కన ఎణ్ణెగాయి, అంటే మన గుత్తివంకాయే, కాస్త నువ్వుల రుచి ఎక్కువ. పల్లీల పొడి మీద పెరుగు. ఆ తరవాత పుండిపల్యె అని ఒక ముద్ద వేసింది, నోట్లో పెట్టుకోగానే మామయ్యగారు "గోంగూర!" అని గట్టిగా అన్నారు. అచ్చం గోంగూరే, జొన్న నూక వేసి ఉడికించారు. రొట్టెలు ఎన్నయినా వేస్తారు, మనిషికి 90 రూపాయలు. మా వాడు ఐదు తిన్నాడు. మా వారి కోపం కూడా అక్కడే దిగింది. హంపిలో టూరిస్టుల కోసం పెట్టిన హోటల్లో 260 పెట్టి తిన్న థాలీ గుర్తొచ్చి కడుపు మండిపోయింది.

గోల్‌గుంబజ్‌కి పొద్దున్నే వెళ్లండి, స్కూలు పిల్లల బస్సులు వచ్చాక పైన అరుపులు తప్ప ఏం వినపడవు. టికెట్ 25. మూలనున్న బురుజులో మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండటం మంచిది. 1656లో పూర్తయిన మహమ్మద్ ఆదిల్ షా సమాధి ఇది, నలభై నాలుగు మీటర్ల గుమ్మటం, లోపల ఒక్క స్తంభం లేదు. మేం వెళ్లేసరికి పైన పదిమందే ఉన్నారు, మా వాడు అటువైపు గోడ దగ్గర గుసగుసలాడితే ఇటువైపు నా చెవిలో చెప్పినట్టు వినిపించింది.

మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి దగ్గర చాలాసేపు ఉన్నాం. 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసింది, దాదాపు 55 టన్నులు. దాని మూతి సింహం నోరు, ఆ పళ్ల మధ్య చిన్న ఏనుగు నలుగుతూ ఉంటుంది, వంగి పక్క నుంచి చూస్తేనే కనిపిస్తుంది. 1565లో సుల్తానులు కలిసి విజయనగరాన్ని ఓడించిన తాళికోట యుద్ధంలో దీన్ని వాడారని చెబుతారు. ఆ యుద్ధం సంగతి మామయ్యగారు మా వాడికి అక్కడే చెప్పారు, గైడ్ చెప్పాల్సిందంతా ఆయనే చెప్పారు. అంతకు ముందు బిజాపూర్ అలీ ఆదిల్ షా, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు కలిసే అహ్మద్‌నగర్ మీదికి దండెత్తారు. ఒకర్ని ఒకరి మీదికి ఎగదోస్తూ రామరాయలు ఇరవై ఏళ్లు ఆడించాడు, కోటలు గుంజుకున్నాడు, చివరికి సుల్తానులు తమ పాత పగలు పక్కనపెట్టి పెళ్లి సంబంధాలు కలుపుకున్నారు. అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని అలీకిచ్చి, షోలాపూర్‌ని కట్నంగా ఇచ్చాడు. మతం లేదని కాదు. అహ్మద్‌నగర్ దండయాత్రలో రామరాయల సైనికులు మసీదుల్ని అపవిత్రం చేశారని ఫెరిష్తా రాశాడు, ఆ కోపం అందర్నీ కలపడానికి పనికొచ్చింది, గెలిచాక విజయనగరంలో విగ్రహాల మీద పడినప్పుడూ అదే పనిచేసింది. కానీ రామరాయల సైన్యంలోనూ ముస్లిం సేనానులున్నారు, అటువైపు మరాఠా సైనికులున్నారు. రెండు దేశాల మధ్య జరిగినదాన్ని రెండు మతాల మధ్య జరిగినట్టు చెప్పి చేతులు దులుపుకుంటే సగం మనుషులు కథలోంచి మాయమైపోతారు.

అన్నిటికంటే ఇబ్రహీం రౌజా అందంగా ఉంది, టికెట్ ఇంకో 25. రెండో ఇబ్రహీం ఆదిల్ షా సమాధి, దఖ్ఖనీ భాషలో పాటలు రాసి వాటిలో సరస్వతినీ గణపతినీ తలుచుకున్న రాజు. జనం జగద్గురు అని పిలుచుకున్నారట. కిటికీల్లో రాతి జాలీ అంతా అక్షరాలే, వెలుతురు ఆ అక్షరాల్లోంచే లోపలికి వస్తుంది. గోల్‌గుంబజ్ చూసి వెనక్కి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇక్కడ మనుషులు పల్చగా ఉంటారు, గంటన్నర తీరిగ్గా కూర్చోండి.

తిరుగు ప్రయాణం రాత్రి స్లీపర్ బస్సు, మనిషికి 950, నిద్ర బాగానే పట్టింది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఇంకో మాట. తాళికోటలో రామరాయల మీదికి వెళ్లిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, రాజు కాకముందు సొంత అన్నకి భయపడి ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు, ఆ రామరాయల నీడలోనే. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. వచ్చాక ఆదివారం మామయ్యగారు మమ్మల్నందర్నీ కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్లి ఆయన సమాధి చూపించారు. మీరైతే అక్కడే మొదలుపెట్టి, తరవాత హంపి, ఆఖర్న బిజాపూర్ వెళ్లండి. హంపిలో గైడ్‌ని పెట్టుకుంటే ముందే అహ్మద్ ఖాన్ మసీదు గురించి అడగండి, "ఏం లేదు" అన్నవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.