ఎత్తు హ్యాండిల్ కొనేవాళ్లకి హెచ్చరిక: క్లాంపులో జారే హ్యాండిల్‌తో మేం పడ్డ ప్రమాదం

బుల్లెట్‌కో అవెంజర్‌కో ఎత్తు హ్యాండిల్ వేయించుకుందామని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఏప్ హ్యాంగర్ అనండి, హైట్ హ్యాండిల్ అనండి, కొనేముందు ఇది ఒక్కసారి చదవండి. నా డబ్బు పోయింది, అది సరే. వెనక కూర్చున్న మా బావమరిది ప్రాణం మీదకి వచ్చింది. నాకు అమ్మిన హ్యాండిల్ లాంటివే ఆ షాపులో ఇంకా వరసగా వేలాడుతున్నాయి. మొన్న చూసి వచ్చాను, అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

నాది 2016 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఇన్‌స్టాలో వీడియో చూసి విజయవాడలో ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లాను. పదహారు అంగుళాల ఎత్తు, నల్లటి పౌడర్ కోటింగ్, చూడగానే నచ్చేసింది. "యూనివర్సల్ అన్నా, ఏ బండికైనా పడుతుంది" అన్నాడు షాపతను. హ్యాండిల్ 2,800. పొడుగు కేబుళ్లు, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం), ఫిట్టింగ్ అన్నీ కలిపి 5,400 అయింది. బిల్లు ఇవ్వమంటే "బిల్లయితే జీఎస్టీ పడుద్ది అన్నా, నీకే నష్టం" అన్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

బిగించేటప్పుడే నా కళ్ల ముందు ఒకటి జరిగింది. నాలుగు బోల్టులూ బిగించాక కుర్రాడు హ్యాండిల్ పట్టుకుని ఊపి చూశాడు, కదిలింది. మళ్లీ విప్పి, పక్కన పడున్న కూల్‌డ్రింక్ టిన్నుని కత్తెరతో కోసి, ఆ రేకు ముక్క క్లాంపులో, అంటే హ్యాండిల్ పైపుని కింద నుంచీ పై మూతతోనూ పట్టి ఉంచే బిగింపులో, పెట్టి మళ్లీ బిగించాడు. "ఇప్పుడు చూడన్నా, రాయిలా ఉంది" అన్నాడు. ఆ పూటకి నిజంగానే రాయిలా ఉంది. కొత్త హ్యాండిల్ క్లాంపులో సరిపోకపోతే రేకుతో సరిపెట్టడం ఏంటని అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత మూడు వారాలు బండి బాగానే నడిచిందనుకున్నాను. కాకపోతే రెండు రోజులకోసారి అద్దాలు సరిచేసుకోవాల్సి వచ్చేది. పొద్దున వెనక బండ్లు కనబడే అద్దంలో సాయంత్రానికి ఆకాశం కనబడేది. అద్దం నట్టు వదులైందనుకుని దాన్నే బిగించుకుంటూ పోయాను. అద్దాలు గట్టిగానే ఉన్నాయి, తిరుగుతున్నది హ్యాండిల్. ఎత్తు హ్యాండిల్ వేసుకున్నవాళ్లు ఈ ఒక్క గుర్తు మనసులో పెట్టుకోండి: రెండు అద్దాలూ ఒకేసారి పైకో కిందకో వాలిపోతున్నాయంటే ఇక ఆ బండి నడపకండి.

జగ్గయ్యపేటలో గృహప్రవేశానికి నేనూ బావమరిదీ తెల్లారుజామునే బయల్దేరాం. కంచికచర్ల దాటాక కీసర టోల్ గేట్ వస్తుంది కదా, దాని ముందు రోడ్డుకి అడ్డంగా పట్టీలున్నాయి. వేగం అరవై దాకా ఉంది. ముందున్న లారీ నెమ్మదించింది, నేను రెండు బ్రేకులూ వేశాను. బ్రేక్ వేస్తే ఒళ్లు ముందుకి తూలుతుంది, వెనక మనిషి బరువు కూడా మన వీపు మీదే పడుతుంది. ఆ బరువంతా నా చేతుల మీదుగా హ్యాండిల్ మీదకి వెళ్లింది. హ్యాండిల్ ఆగలేదు. రెండు పిడులూ ముందుకి వాలిపోయాయి. లివర్లు నేల వైపు తిరిగాయి, నా వేళ్లు బ్రేక్ లివర్ మీద నుంచి జారిపోయాయి. ఛాతీ వెళ్లి ట్యాంకుకి కొట్టుకుంది. భయంతో పిడులు పట్టి లాగితే, ఈసారి హ్యాండిల్ మొత్తం ఒళ్లోకి వచ్చేసింది. బండి తిప్పడానికి చేతిలో ఏమీ లేనట్టయింది.

కాలు వెనక బ్రేక్ మీద అలాగే ఉండిపోయింది కాబట్టి లారీకి రెండు బారల దూరంలో ఆగాం. పడలేదు. బావమరిది దిగి రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు, చాలాసేపు మాట్లాడలేదు. అతనికి ఆర్నెల్ల పాప ఉంది. ఆ ఉదయం నుంచి నాకు పట్టుకున్న టెన్షన్ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బండిని ట్రాలీ ఆటోలో ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడ మా నాన్నకి తెలిసిన బాబాయ్ ఒకాయన ఉన్నాడు, లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే మిషన్) పని చేస్తాడు. క్లాంపు విప్పి లోపలి భాగం నాకు చూపించాడు. పైపు మీద నల్ల కోటింగ్ చర్మం ఊడినట్టు చుట్టలు చుట్టుకుపోయింది. దాని కింద ఇనుము అద్దంలా మెరుస్తోంది. టిన్ను రేకు మూడు ముక్కలై, ఒక ముక్క బయటికి పొడుచుకొచ్చింది. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే పైపు ఒక చోట 21.5 ఎమ్ఎమ్, పక్కకి తిప్పి కొలిస్తే 21.8. నా బండి క్లాంపు 22 ఎమ్ఎమ్ పైపుకి చేసింది. అంటే నాకిచ్చిన పైపు సన్నం, పైగా గుండ్రంగా కూడా లేదు.

అసలు తప్పు ఇంకా ఉంది. క్లాంపు మూతకీ, కింది భాగానికీ మధ్య వెంట్రుకంత సందు కూడా లేకుండా రెండూ ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి. బాబాయ్ దాని మీద వేలు పెట్టి, "ఇది చూడరా అబ్బాయ్, మూత కింద ఆనిపోయాక నువ్వు ఎంత బిగించినా ఆ బిగువు మూతకే పోద్ది, పైపుని పట్టదు" అన్నాడు. హ్యాండిల్ జారుతోందని షాపుకి వెళ్తే ఎవరైనా ముందు చెప్పేది "ఇంకొంచెం టైట్ చేయించుకోండి" అనే కదా. సందు లేని క్లాంపులో ఆ మాట ప్రమాదకరం. బోల్టు సాగుతుంది, మర పోతుంది, హ్యాండిల్ మాత్రం అలాగే తిరుగుతుంది. నా బోల్టుల్లో ఒకదాని మర అప్పటికే పోయింది.

ఎత్తు హ్యాండిల్‌కే ఈ బాధ ఎక్కువ ఎందుకని అడిగాను. బాబాయ్ మూల నుంచి ఒక స్పానర్, ఒక పొడుగు పైపు తెచ్చాడు. "మొండి నట్టు ఊడకపోతే స్పానర్‌కి పైపు తొడిగి తిప్పుతాం. నువ్వు రోజూ నీ క్లాంపుకి ఆ పైపు తొడిగి తిప్పుతున్నావు" అన్నాడు. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. పదహారు అంగుళాలంటే నలభై సెంటీమీటర్లు. క్లాంపు పట్టుకునేది పైపు పైచర్మాన్ని, కేంద్రం నుంచి 11 మిల్లీమీటర్ల దూరంలో. అంటే నా చేతి బలం అక్కడ దాదాపు 36 రెట్లవుతుంది. బ్రేక్ వేసినప్పుడు 20 కిలోల బరువుతో నెడితే, పైపు జారకుండా ఆపడానికి ఆ చిన్న చోట 700 కిలోలకి పైగా పట్టు కావాలి. పది సెంటీమీటర్ల ఎత్తున్న హ్యాండిల్‌కైతే అందులో నాలుగో వంతు చాలు. మామూలు హ్యాండిల్‌కి కోటింగున్న నున్నటి పైపు ఎలాగోలా నెట్టుకొస్తుంది. ఎత్తు హ్యాండిల్‌కి కుదరదు.

అందుకే మంచి తయారీదారులు క్లాంపు పట్టే చోట నర్లింగ్ వేస్తారు, అంటే అడ్డంగా నిలువుగా గరుకు గీతలు కోస్తారు. గోరుతో గీరితే తెలిసిపోతుంది. మీరు కొనే హ్యాండిల్‌కి మధ్యలో ఆ గరుకు లేకపోతే, రంగుతోనో క్రోముతోనో నున్నగా మెరుస్తుంటే, అక్కడే వదిలేయండి. "తర్వాత లేత్ మీద వేయించుకోవచ్చు" అని కూడా చెప్తారు, షాపతను నాకూ చెప్పాడు. వంచేసిన హ్యాండిల్‌ని లేత్ మీద తిప్పడం కుదరదు. ఆ గీతలు పైపుని వంచకముందే, తిన్నగా ఉన్నప్పుడే పడాలి.

సైజు సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర చాలా బండ్లకి 22 ఎమ్ఎమ్ పైపు, చాలా హార్లీలకి ఒక అంగుళం, అంటే 25.4. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొనే మందపాటి ఎత్తు హ్యాండిళ్లు కూడా క్లాంపు దగ్గర ఎక్కువగా ఒక అంగుళానికే సన్నబడతాయి. వీటన్నిటికీ పట్టే యూనివర్సల్ హ్యాండిల్ అంటూ ఉండదు. షాపుకి వెళ్లేటప్పుడు వెర్నియర్ పట్టుకెళ్లండి, ప్లాస్టిక్‌దైనా ఫర్వాలేదు. క్లాంపు చోట పైపుని రెండు మూడు దిక్కుల్లో కొలవండి. కొలవనివ్వకపోతే కొనకండి.

జారుతున్న హ్యాండిల్‌కి ఊళ్లో చెప్పే వైద్యాలు చాలా ఉన్నాయి. రేకు ముక్క సంగతి చూశారు. ఎమరీ పేపర్ పెడితే మొదట బాగానే పట్టినట్టుంటుంది, దాని గింజలు నలిగి పొడై బోల్టుల బిగువు పోతుంది. బాబాయ్‌ని నేనే అడిగాను, వెల్డింగ్ పెట్టేయకూడదా అని. ఆయనకి కోపం వచ్చింది. వేడికి దెబ్బతిన్న చోట పైపు ఏదో ఒకరోజు చెప్పకుండా విరుగుతుంది, జారే హ్యాండిల్ కన్నా విరిగే హ్యాండిల్ ఇంకా ఘోరం అన్నాడు. క్లాంపు చోట బెజ్జం వేసి పిన్ను కొట్టడం కూడా ఆయన ఒప్పుకోలేదు. పల్చటి పైపుకి ఎక్కువ ఒత్తిడి పడేదే అక్కడ.

చివరికి ఏం చేశామంటే, ఆ హ్యాండిల్ పక్కన పడేసి, ఎనిమిది అంగుళాల ఎత్తున్న, నర్లింగ్ ఉన్న 22 ఎమ్ఎమ్ హ్యాండిల్ వేరే చోట బిల్లుతో కొన్నాను. క్లాంపులూ బోల్టులూ కొత్తవి. క్లాంపు లోపలా, పైపు మీదా జిడ్డు లేకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడిచాం. వేలితో ముట్టుకున్నా మళ్లీ తుడవమన్నాడు బాబాయ్. నాలుగు బోల్టులూ చేత్తో ఆనేదాకా తిప్పి, ఆ తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, ముందూ వెనకా సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ పోయాం. కొన్ని జపాన్ బండ్లకి మాత్రం మూత మీద చుక్క గుర్తు ఉంటుంది. ఆ చుక్క ముందుకి పెట్టి ముందు బోల్టులు పూర్తిగా బిగించాకే వెనకవి బిగించాలి, వాటికి సందు వెనకే మిగులుతుంది. మీ బండిది ఏ పద్ధతో మాన్యువల్‌లో చూడండి. ఎంత బిగించాలన్నదీ అందులోనే ఉంటుంది. మామూలు ఎమ్8 బోల్టుకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు వాడతారు. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచ్ (ఎంత బిగువు పడిందో చూపించే స్పానర్) ఉన్న మెకానిక్ దగ్గరకే వెళ్లండి.

బిగించాక పైపు మీదా క్లాంపు మీదా కలిసేలా తెల్ల పెయింట్ పెన్నుతో బాబాయ్ ఒక గీత గీశాడు. పైపు తిరిగితే గీత విడిపోతుంది. పది రూపాయల పని. ఇదే నా పాత హ్యాండిల్‌కి ఉండుంటే మొదటి వారంలోనే పట్టేసుకునేవాణ్ని. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి చూపించుకోండి.

కేబుళ్ల గురించి రెండు ముక్కలు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బండిని స్టాండు మీద పెట్టి, హ్యాండిల్ ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పండి. ఇంజిన్ శబ్దం దానంతటదే పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిదైనట్టో, ఎక్కడో లాగుతున్నట్టో లెక్క. బ్రేక్ హోస్ ఎక్కడా లాగినట్టు బిగుసుకోకూడదు. హ్యాండిల్ జారి తిరిగిపోయిన బండికి ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా వాలిపోయి ఉంటుంది, లోపలికి గాలి చేరొచ్చు. బ్లీడింగ్, అంటే బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీయించడం, చేయించకుండా రోడ్డెక్కకండి. చట్టం ఒప్పని మార్పులు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 జరిమానా ఉంది, జైలు కూడా వేయొచ్చు. కాబట్టి హ్యాండిల్ మార్చేముందు ఆర్టీఓ ఆఫీసులో ఒక మాట కనుక్కోండి.

షాపతని దగ్గరకి తిరిగి వెళ్లాను. ఆ నలిగిన పైపు, చిరిగిన రేకు ముక్కలు బల్ల మీద పెట్టాను. "నువ్వు స్పీడుగా పోయుంటావు అన్నా, మా సరుకులో తేడా లేదు, ఇంకొంచెం టైట్ చేయించుకోవాల్సింది" అన్నాడు. డబ్బు తిరిగివ్వను అన్నాడు. నాకు డబ్బు కన్నా ఆ హ్యాండిళ్లు అమ్మడం ఆపమని అడగడమే ముఖ్యం, దానికీ ఒప్పుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. బిల్లు లేకపోయినా యూపీఐలో కట్టిన రికార్డు, షాపతని వాట్సాప్ మెసేజీలు, బాబాయ్ వెర్నియర్ పెట్టినప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. మీరు ఇలాంటిది కొనేసి ఉంటే పాత పార్టులేవీ పారేయకండి, రేకు ముక్కతో సహా అన్నీ కవర్లో వేసి దాచండి.

ఆ పదహారు అంగుళాల హ్యాండిల్ ఇప్పుడు మా ఇంట్లో మెట్ల కింద ఉంది. మా వీధి కుర్రాళ్లు ఇద్దరు సగం ధరకి ఇమ్మని అడిగారు, ఒకడు మూడుసార్లు వచ్చాడు. ఇవ్వలేదు. ఫిర్యాదు తేలేదాకా సాక్ష్యంగా ఉంచి, ఆ తర్వాత బాబాయ్ దగ్గర మధ్యకి కోయించి పాత ఇనుము కింద వేసేస్తాను.