ఫార్మాటా, ఎస్‌ఎస్‌డీనా?

అమలాపురంలో మా ఇంట్లో 2014 నాటి లాప్‌టాప్ ఒకటుంది. ఆన్ చేస్తే లోగో వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, అంతలో నీలం తెర, మళ్లీ మొదటికి. షాపాయన "ఆయ్, ఫార్మాట్ కొట్టేద్దామండీ" అన్నాడు, అంటే డిస్క్‌లోదంతా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. మా బావ పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ (చిప్‌ల మీద డేటా దాచే డిస్క్) వేయించమన్నాడు.

ఫార్మాట్‌కి ఖర్చు తక్కువ. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి విండోస్ ఫైళ్లు చెడితే దాంతో సరిపోతుంది. సేఫ్ మోడ్‌లో (అవసరమైన వాటితోనే విండోస్ నడిచే పద్ధతి) నిలకడగా నడిస్తే మాత్రం ముందు డ్రైవర్లని (విడిభాగాలని నడిపించే ప్రోగ్రాములని) అనుమానించాలి. ఫార్మాట్ దాకా వెళ్లక్కర్లేకపోవచ్చు.

డిస్కే పోతుంటే ఫార్మాట్ చేయడం గండి పూడ్చకుండా ఊడ్పులు ఊడ్చడమే. మాది అదే. చెవి ఆనిస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి బావ కంప్యూటర్‌కి తగిలిస్తే డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో హెచ్చరికగా పసుపు రంగు, చెడిన సెక్టార్ల (డేటా దాచే గళ్ల) లెక్క. ముందు పెళ్లి ఫొటోలు కాపీ చేసుకున్నాం. ఫార్మాట్‌కి ఒప్పుకుని ఉంటే అవీ పోయేవి!

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలుండవు. 2.5 అంగుళాల సాటా (పాత డిస్క్‌కుండే కనెక్టర్) రకం పాత డిస్క్ చోటులోనే కూర్చుంటుంది. అయితే తప్పు ర్యామ్‌ది (తాత్కాలిక మెమరీది) అయితే ఈ రెండూ దండగే. అందుకే మొదట ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాంటాక్టులు రబ్బరుతో తుడిచి చూశాం. కాలవ గట్టున ఇల్లు, తేమ పట్టిందేమోనని. ఏం మారలేదు.

విండోస్ 10 ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11కి మా ప్రాసెసర్ పనికిరాదు. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. అమ్మ ఇప్పుడు దాన్లోనే సీరియల్ చూస్తోంది.