నీస్ తీరంలో తొమ్మిది మందిమి, ఎనభై ఆరు మెట్లు

దక్షిణ ఫ్రాన్సులో సముద్రం ఒడ్డునున్న నీస్ నగరం పాతబస్తీలో మేము అద్దెకు తీసుకున్న ఇంటి లిఫ్టు తలుపు మీద చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. పదమూడేళ్ళ మా అమ్మాయి బడిలో ఫ్రెంచి నేర్చుకుంటోంది కనుక చదివి చెప్పింది. లిఫ్టు పనిచేయడం లేదు, విడిభాగం రావాలి, కింద తేదీ 2025 మే 21. మేము దిగింది మే 27న. నడుమ మే 24న ఆ ఇంటి యజమానికి నేను ప్రత్యేకంగా సందేశం పంపి, మా అమ్మకు 76 ఏళ్ళనీ, ఎడమ మోకాలికి మార్పిడి ఆపరేషన్ జరిగిందనీ, లిఫ్టు తప్పనిసరి అనీ రాస్తే, "అవును, భవనంలో లిఫ్టు ఉంది" అని జవాబిచ్చారు. లిఫ్టు ఉన్న మాట నిజమే, అది కదలడం లేదన్న మాట దాచారు. దీన్ని నేను మోసమనే అంటాను.

మూడో అంతస్తు అని ప్రకటనలో రాశారు గానీ, అక్కడి కొన్ని పాత భవనాల్లో కింది అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య లెక్కలోకి రాని పొట్టి అంతస్తు ఒకటి ఉంటుందని మాకు ఎక్కేటప్పుడే తెలిసింది. మొత్తం 86 మెట్లని మా తమ్ముడి కొడుకు లెక్కపెట్టాడు. తమ్ముడు పైనుంచి రెండు కుర్చీలు తెచ్చి, ఒకటి అమ్మ ఉన్న మలుపులో, రెండోది పై మలుపులో వేసి, ఆమె లేవగానే కింది కుర్చీని మళ్ళీ పైకి మారుస్తూ వచ్చాడు. అమ్మ కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, ఎడమచేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించాకే పై మెట్టుకు కదిలింది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాన్నగారు ఆ రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు, ఇల్లు ఎంచింది మావారు కావడంతో ఆయన తల ఎత్తలేదు.

అసలు నీస్‌ను ఎంచుకోవడానికి మాకు గట్టి కారణాలే ఉన్నాయి. మేము నలుగురం లండన్ శివారులో ఉంటాము. అమ్మా నాన్నగారూ కాకినాడలో, తమ్ముడూ మరదలూ తొమ్మిదేళ్ళ వాళ్ళ అబ్బాయీ హైదరాబాదులో ఉంటారు. ఇంగ్లండు వీసా జోలికి వెళ్ళకుండా, యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా ఒక్కటితోనే ఫ్రాన్సు, పక్కనున్న మొనాకో, సరిహద్దు దాటితే ఇటలీ, మూడూ చూడవచ్చు. వీసా రుసుము పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45. అంటే మా వాళ్ళు అయిదుగురికీ 405 యూరోలు, దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము వేరు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. డెబ్బై దాటినవారికి దాని ధర బాగా పెరుగుతుంది కనుక, విమానం టిక్కెట్ల కన్నా ముందు బీమా ధర తెలుసుకోమని నా సలహా.

తేదీల విషయంలో కూడా జాగ్రత్త పడ్డాము. మే నెలలో దగ్గర్లోని కాన్ ఊరిలో చలనచిత్రోత్సవం, ఆ వెంటనే మొనాకోలో ఫార్ములా వన్ కార్ల పోటీ జరిగాయి. పోటీ మే 25న ముగిసింది. మేము తీసుకున్న ఇంటికే ఆ వారాంతంలో రాత్రికి 410 యూరోలు, 27 నుంచి 235. అయిదు రాత్రులకు 1,175 యూరోలూ, శుభ్రం చేసినందుకు మరో 120 ముందే కట్టేశాము. మేము చూడని సంగతి ఒకటే. మే 29 గురువారం క్రైస్తవుల అసెన్షన్ పండుగ, ఫ్రాన్సులో సెలవు, చాలామంది శుక్రవారాన్ని కూడా కలుపుకుంటారు. లిఫ్టు మరమ్మతు చేసేవాళ్ళు సోమవారానికి గానీ రారని యజమాని చెప్పారు. సోమవారానికి మేము ఇంటికి చేరుకుంటాము. అడిగితే ఆయన ఇచ్చిన జవాబు, "మా అమ్మ కూడా ముసలావిడే, ఆమె ఎక్కుతుంది" అని. ఆ మాట తమ్ముడికి తర్జుమా చేసి చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. పండుగ రద్దీలో గది దొరకడమే గగనమైనా, ఆ రాత్రి పదకొండింటి దాకా ఫోన్లు చేసి, గురువారం నుంచి ఇటలీ సరిహద్దు దగ్గరున్న మాంతోన్ ఊరిలో మూడు గదులు సంపాదించాము.

బుధవారం అమ్మను ఒక్కసారే కిందికి దించి, రాత్రి దాకా మళ్ళీ ఎక్కించకూడదని నిర్ణయించుకున్నాము. ఆ పట్టుదల వల్లే ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మంచి భోజనం దొరికింది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నీస్ వంటల్లో కూరగాయలు చాలా ఉన్నా, పైకి శాకాహారంలా కనిపించే ఉల్లిపాయల రొట్టె పిస్సలాదియేర్ మీద కూడా ఆంకొవీ చేపలు ఉంటాయి, పాన్ బాన్యా అనే గుండ్రటి రొట్టెలో ట్యూనా చేప ఉంటుంది. అడగకుండా ఏదీ తినడానికి లేదు. కూర్ సలేయా అంగడి వెనుక సందులో కట్టెల పొయ్యి ముందు వరుసలో నిలబడ్డాము. మీటరు వెడల్పున్న రాగి పళ్ళెంలో పలుచటి పిండి పోసి పొయ్యిలోకి తోస్తున్నారు. అయిదారు నిమిషాలకు అంచులు మాడి, నడుమ బంగారు రంగు పొక్కులు లేచాక బయటికి లాగి, అట్లకాడతో ముక్కలు ముక్కలుగా గీరి, మిరియాల పొడి చల్లి ఇస్తున్నారు. దాని పేరు సోకా. మా అమ్మాయి ఫ్రెంచిలో అడిగి తెలుసుకుంది: శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే.

అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఇది మన శనగపిండి అట్టేనమ్మా, వీళ్ళు ఉల్లిపాయా పచ్చిమిరపా వేయలేదు గానీ" అని, చేతి సంచిలోంచి కాకినాడ నుంచి తెచ్చిన కారప్పొడి పొట్లం తీసింది. మా పక్క బల్ల దగ్గరున్న ముసలాయన అది ఏమిటని సైగచేస్తే ఆయనకూ చిటికెడు పెట్టింది. నాన్నగారు నిన్నటి నుంచి మొదటిసారిగా నవ్వింది అక్కడే. పళ్ళెం 3.80 యూరోలు. తొమ్మిది మందికి అయిదు పళ్ళేలు, మొత్తం 19 యూరోలు. దానితో పాటు గుమ్మడి జాతి పువ్వులతో బజ్జీలు కూడా తిన్నాము, అవి మాత్రం నూనె ఎక్కువ పీల్చాయి. సాయంత్రం సముద్రం వెంబడి సాగే ప్రొమెనాద్ దెజాంగ్లె అనే రోడ్డు మీద, ఎవరైనా ఉచితంగా కూర్చోగల నీలం కుర్చీల్లో అమ్మా నాన్నగారూ రెండు గంటలు సముద్రాన్ని చూస్తూ గడిపారు. ఉప్పాడ ఇసుక తెలిసిన అమ్మకు అక్కడి గులకరాళ్ళ ఒడ్డు నచ్చలేదు. పిల్లలకు కూడా రబ్బరు చెప్పులు లేకుండా నీళ్ళలోకి దిగడం కష్టమే.

మాంతోన్‌కు రైలులో నలభై నిమిషాల ప్రయాణం. ఇదే దారిలో 607 నంబరు బస్సు కూడా తిరుగుతుంది, మేము వెళ్ళినప్పుడు టిక్కెట్టు 2.50 యూరోలే గానీ కూర్చోవడానికి చోటు దొరకదు, పెద్దవాళ్ళతో ఉన్నవాళ్ళు రైలే ఎక్కాలి. హోటలు స్టేషనుకు దగ్గర, దారంతా చదును, లిఫ్టు పనిచేస్తోంది. గదికి రాత్రికి 128 చొప్పున మూడు గదులు, మూడు రాత్రులు, 1,152 యూరోలు. గదులు చిన్నవి, స్నానాల గది మరీ ఇరుకు, అయినా నేను ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. అమ్మ నడక చూసిన హోటలావిడ, మేము అడగకముందే రెండో అంతస్తు గదిని మొదటి అంతస్తుకు మార్చి, స్నానాల గదిలో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టించింది. మాంతోన్ నిమ్మకాయకు 2015 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆవిడ పెరట్లోంచి ఒకటి కోసి ఇస్తే, మన కాయకు రెండింతలున్న దాన్ని అమ్మ ఆకుతో సహా కొంగున కట్టుకుంది.

శుక్రవారం సరిహద్దు అవతల ఇటలీలోని వెంటిమిలియాలో వారపు సంతకు వెళ్ళాము. మరదలు అక్కడ పెద్ద కంపెనీ పేరున్న చేతి సంచి ముచ్చటపడింది గానీ, నకిలీ సరుకు కొన్నవాళ్ళకు కూడా ఇటలీలో జరిమానా వేస్తారు కనుక వద్దన్నాను. తను ఆ పూటంతా ముభావంగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దు దాటగానే ఫ్రెంచి పోలీసులు రైలెక్కి పాస్‌పోర్టులు చూశారు, అవి హోటల్లో వదిలి వెళ్ళకండి. శనివారం మొనాకో. కొండల మీద కట్టిన ఆ ఊరిలో ఎక్కడికక్కడ ఉచిత లిఫ్టులు ఉన్నాయి, అమ్మ రోజంతా మాతోనే తిరిగింది. 1910లో తెరిచిన సముద్ర మ్యూజియం పిల్లలకు బాగా నచ్చింది.

వాడుకోని మూడు రాత్రుల సొమ్ము 705 యూరోలు తిరిగి ఇవ్వమని ఆ ఇల్లు బుక్ చేసిన సంస్థకు రాశాను. ముందు కుదరదన్నారు. లిఫ్టు తలుపు మీద తేదీతో ఉన్న కాగితం ఫోటోనూ, యజమాని మే 24న ఇచ్చిన జవాబునూ పక్కపక్కన పెట్టి పంపాక, పందొమ్మిది రోజులకు 423 యూరోలు వచ్చాయి. శుభ్రం చేసిన రుసుము 120 రాలేదు, క్షమాపణ కూడా రాలేదు. 2026లో మొనాకో పోటీ జూన్ మొదటి వారానికి మారింది కనుక, ఆ ఏడాది మే చివరి వారానికి మాంతోన్‌లో ఆ మూడు గదులే, అమ్మకు మొదటి అంతస్తుదే, ముందే చెప్పి ఉంచాము.