హన్మకొండల విధేయత మీద బైబిల్ క్లాసులు: పరిచర్యల ఉన్నోళ్లు పోవాలె

మా ఇంటి దగ్గరి చర్చిల శనివారం సాయంత్రం పూట విధేయత మీద క్లాసులు పెడ్తున్నరు, సండే స్కూల్ టీచర్లు, క్వయర్, యూత్ లీడర్లు, పరిచర్య చేసేటోళ్లు ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు, కానుక పెట్టె ఉంటది, ఇష్టముంటే ఎయ్యొచ్చు. నాకు మస్తు నచ్చింది, ఎందుకంటే వాక్యం విని ఆమేన్ అని ఇంటికి పోతే ఈడ నడవది.

క్లాస్ అయ్యే ముందు చిన్న చీటీ ఇస్తరు, దేవుడు చెయ్యమన్నడని తెలిసి గుడ ఇంకా చెయ్యకుండ ఆపిన పని ఒక్కటి రాయాలె. ఎవ్వరికి చూపియ్యద్దు, బైబిల్ల పెట్టుకోని పోవుడే, కని వచ్చే వారం చేసినవా లేదా అని అడుగుతరు. మా బ్యాచ్‌ల క్వయర్ అక్క ఒకామెకు తోడికోడలితోని ఏండ్ల సంది మాటల్లేవు, పరకాల పోయి గేటు కాడ నిలబడి క్షమించమని అడిగిందట, ఆమె లోపలికి రమ్మని గుడ అనలేదట. అక్క ఏడ్చుకుంట చెప్తుంటే పాస్టర్ అయ్యగారు మధ్యల ఆపలేదు, అంత మంచిగైతదమ్మా అని గుడ అనలేదు. ఆమె కూసున్నంక ప్రార్థన చేసి పాఠం మొదలువెట్టిండు. ఆ పద్ధతి నాకు చాన గౌరవంగ అనిపిచ్చింది.

బైబిల్ల ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు పాఠం గట్టిగ చెప్పిండ్రు. శత్రువులైన అమాలేకీయుల మంద మొత్తం నాశనం చెయ్యమని దేవుడంటే మంచి గొర్రెల్ని ఎడ్లని ఉంచుకోని, బలి ఇయ్యనీకే తెచ్చినమన్నడు. సగం మాట విని, విననిదానికి భక్తి పేరు పెట్టుడన్నట్టు. పాటకు రోజుల తరబడి ప్రాక్టీస్ చేసేటోళ్లు మీటింగ్ అయినంక కుర్చీలు ఎత్తే టైంకు కనవడరు గదా, ఈ పాఠం వాళ్లు ఇనాలె.

డోర్నకల్ బిషప్ అజరయ్య గారి గురించి గుడ చెప్పిండ్రు. తమిళనాడుల పుట్టిన మనిషి, వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంస్థల మంచి బాధ్యతల ఉండి 1909ల అది ఇడిసి, తన భాష కాని ఊరికి వచ్చిండు. 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల (ఇంగ్లండ్ చర్చి శాఖల) మొదటి భారతీయ బిషప్ ఆయనే, 1945ల చనిపోయేదాక డోర్నకలే ఆయన ఊరు. మనం ఖమ్మం పోయేటప్పుడు జంక్షన్ అని చూసి ఊకుంటం.

ఒక్క లోటు చెప్పాలె. పెద్దలకు లోబడుట అనే పాఠం హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంతోనే అయిపోగొట్టిండ్రు. పేతురు, అపొస్తలులు (యేసు పంపిన శిష్యులు) యూదుల మహాసభ ముంగట నిలబడి మనుషులకు కాదు దేవునికే లోబడాలె అన్న మాట, అపొస్తలుల కార్యములు 5:29, ఆడ పక్కా ఉండాలె. సంఘం లెక్కలు అడిగితే గుడ అవిధేయత అనేటోళ్లు ఉన్నరు మరి, కొత్త పిల్లలు ఆ పాఠం సగమే ఇంటే భయపడి నోరు మూసుకుంటరు. ఈ మాట అయ్యగారికి గుడ చెప్పిన, వచ్చే బ్యాచ్‌ల కలుపుతమన్నడు.

మా అన్నను వదినను వచ్చే బ్యాచ్‌కు పంపిస్తున్న. బైబిల్, నోట్‌బుక్ తెచ్చుకోండ్రి, ఫోన్ల చూస్తమంటే ఆ హాల్‌ల సిగ్నల్ రాదు.