వెగోవీ నాలుగు నెలలు, మౌంజారో ఆరు నెలలు

నాకు 46 ఏళ్లు, మాది విజయవాడ. మొదలుపెట్టినప్పుడు 98 కిలోలు. షుగర్ లేదు కానీ బీపీ, ఫ్యాటీ లివర్ ఉన్నాయి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. రెండూ బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే సూది మందులే. డాక్టర్ మౌంజారో అన్నారు, నేనే వెగోవీ అడిగాను. నాన్న గుండెపోటుతో పోయారు. గుండె జబ్బున్న వాళ్లకి వెగోవీలోని సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పుని 20 శాతం తగ్గించిందని చదివాను. నీకు గుండె జబ్బు లేదుగా, ఆ లెక్క నీకెందుకు అని డాక్టర్ చెప్పినా మనసు అటే లాగింది. పైగా అది మందు నింపే వచ్చే పెన్ను. మౌంజారో అప్పుడు సీసాల్లోనే దొరికేది, సిరంజిలోకి మందు లాగడం అంటే నాకు భయం.

జులైలో వెగోవీ 0.25 మిల్లీగ్రాములతో మొదలు. నెలకి 17,345 రూపాయలు. 0.5 దాకా బాగానే ఉంది. 1 మిల్లీగ్రాముకి వెళ్లాక కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు, వికారం, నాలుగేసి రోజులు మలబద్ధకం. నలుగురిలో కూర్చోవాలంటే సిగ్గు. రోజూ రాత్రి ఇసబ్‌గోల్ తాగాను. నాలుగు నెలలకి దాదాపు 70 వేలు పోసి తగ్గింది 5 కిలోలు.

నవంబరులో మౌంజారోకి మార్చారు. తమాషా ఏమిటంటే, అదే నెలలో వెగోవీ ధర దించారు, మొదటి డోసు 10,850కి వచ్చింది! అయినా వెనక్కి వెళ్లలేదు. సీసా అయితే వారానికి ఒకటే కొనుక్కోవచ్చు, 2025 మార్చిలో వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాములది 3,500, 5ది 4,375 ఉండేది. నెల డబ్బు ఒకేసారి తీయక్కర్లేదు. సిరంజి భయం రెండో వారానికే పోయింది. తేన్పులు లేవు, వికారం మాత్రం సూది వేసుకున్న మర్నాడు కాసేపు ఉంటుంది. 5 దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు 82 కిలోలు.

దీన్ని బట్టి వెగోవీ పనికిరాదనుకోకండి. నేను దాని పూర్తి డోసు 2.4 దాకా వెళ్లనే లేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనంలో 72 వారాలకి మౌంజారోతో సగటున 20.2 శాతం, సెమాగ్లుటైడ్‌తో 13.7 శాతం బరువు తగ్గింది. తేడా ఉంది, కానీ నా కడుపు ఒప్పుకోవడం, నా పర్సు ఒప్పుకోవడం ఆ అంకెల్లో ఉండవు.

నా తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి సీసా ఫ్రిజ్ వెనక గోడకి ఆనించి పెట్టాను, గడ్డకట్టింది. అలా గడ్డకట్టినది వాడకూడదు. నాలుగు వేల పైచిలుకు చెత్తబుట్టలోకి.

అక్క కూతురి పెళ్లి భోజనాల కోసం రెండు వారాలు మానేశాను కూడా. పది రోజులకే పాత ఆకలి తిరిగొచ్చింది, పులిహోర రెండోసారి వడ్డించుకున్నాను. డాక్టర్ని అడిగి మళ్లీ అదే డోసు మొదలుపెట్టాను. "జీవితాంతం సూదులేనా ఏమే?" అని అమ్మ అడిగితే జవాబు లేదు. సెమాగ్లుటైడ్ మానేసిన వాళ్లకి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొచ్చిందని తేలింది మరి. జుట్టు కూడా రాలింది. కండ కరగకుండా రోజూ రెండు గుడ్లు, పెసరట్టు, వారానికి మూడు రోజులు డంబెల్స్.

ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, మీకు గతంలో ప్యాంక్రియాస్ (క్లోమం) వాచినా ముందే డాక్టర్‌తో చెప్పండి. 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరింది, అంటే వేరే కంపెనీలూ దాన్ని తయారుచేయొచ్చు. ఖర్చు బాగా తగ్గితే మళ్లీ 0.25 నుంచి ప్రయత్నిస్తానేమో, ఈసారి 1కి వెళ్లడానికి తొందరపడను.