దేవుని దగ్గర మాత్రమే ఒప్పుకోవడమా, నష్టపోయినవారి దగ్గరికీ వెళ్లడమా?

పాపం చేసిన విశ్వాసి దేవుని బిడ్డగానే ఉంటాడు, తెగేది దేవునితో సహవాసం. ప్రార్థన పెదవుల దగ్గరే ఆగుతుంది, వాక్యం చదవబుద్ధి కాదు. కీర్తన 66:18 చెప్పేది ఇదే: హృదయంలో పాపాన్ని పెట్టుకుంటే ప్రభువు వినడు.

అసూయ, మోహపు చూపు లాంటివి మనసులోనే ఉండిపోతే దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలు (1 యోహాను 1:9). పేరు పెట్టి ఒప్పుకోవాలి. "తెలిసీ తెలియక చేసినవి క్షమించు" అని సరిపెట్టుకుంటే ఆ పాపం అలాగే మిగులుతుంది. మనసులో ద్వేషించిన మనిషికి ఆ సంగతి చెప్పడం మాత్రం అనవసరంగా గాయపరచడమే.

ఎదుటివారికి నష్టం జరిగితే సంగతి వేరు. విశాఖ పూర్ణా మార్కెట్‌లో తూకం మోసంతో ఒకరి దగ్గర 5,000 రూపాయలు ఎక్కువ లాగినవాడు ఆదివారం ఎంత ఏడ్చినా ఆ డబ్బు ఇంకా అతని పెట్టెలోనే ఉంది. లేవీయకాండము 6:5 లెక్క ప్రకారం అసలుకు ఐదో వంతు కలపాలి, అంటే 6,000. సువార్తలోని సుంకరి (పన్ను వసూలుదారు) జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మత్తయి 5:23-24లో యేసు కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు. విశాఖలోనే రాస్ హిల్ మరియమాత చర్చికి వెళ్లే కథోలికులకూ ఇదే నియమం: పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసినా దొంగసొమ్ము తిరిగి ఇవ్వాల్సిందే.

చాలామంది దేవుని దగ్గర ఒప్పుకోవడంతో ఆగిపోతారు, అందులో సిగ్గుపడాల్సింది తక్కువ కాబట్టి. నష్టం చేసినవారు నష్టపోయినవారి దగ్గరికి కూడా వెళ్లాలి. వెళ్లినప్పుడు "కానీ నువ్వు కూడా" అనే మాట వద్దు, అది క్షమాపణను వాదనగా మార్చేస్తుంది.